కీబోర్డు లేని యంత్రంలో లాగిన్ ఎలా జరుగుతుంది?



కొత్తగా స్మార్ట్ టీవీ కొన్న సభ్యులు మమ్మల్ని ఒక మాట అడుగుతున్నారు. "యాప్ తెరవగానే తెరమీద ఎనిమిది అక్షరాలు చూపి, వాటిని ఫోనులో కొట్టమంటోంది. కొట్టవచ్చునా?" కొట్టవచ్చును. అయితే ఎప్పుడు కొట్టవచ్చునో, ఎప్పుడు కూడదో తెలియాలంటే లోపల జరిగే పని కొంత తెలుసుకోవాలి.

టీవీలోని యాప్‌కు సాధారణంగా బ్రౌజరు అందుబాటులో ఉండదు, కీబోర్డూ ఉండదు. పూర్వం రిమోటుతో ఒక్కొక్క అక్షరమే వెతికి పాస్‌వర్డు కొట్టవలసి వచ్చేది. (ఇంటికి వచ్చిన చుట్టాలందరూ దానిని చదివేవారు!) శ్రమ సంగతి అటుంచితే, అసలు దోషం వేరు. పాస్‌వర్డు ఆ యాప్ చేతికి పోతుంది. ఒక్క గది చూపడానికి ఇంటి తాళాల గుత్తి అంతా ఇచ్చినట్లే.

ఇందుకు వేరొక పద్ధతి ఉన్నది. ఇంటర్‌నెట్ ప్రమాణాలను రూపొందించే ఐ.ఇ.టి.ఎఫ్. సంస్థ 2019 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 8628 అనే పత్రంగా దానిని ప్రకటించింది. టీవీ ముందుగా సర్వరును రెండు కోడ్‌లు అడిగి తీసుకుంటుంది. పొడవైనది తన దగ్గరే దాచుకుంటుంది. పొట్టిది తెరమీద చూపుతుంది, ఏ చిరునామాకు వెళ్ళాలో కూడా చెబుతుంది. మీరు ఫోనులో ఆ చిరునామా తెరచి, కోడ్ కొట్టి, అక్కడే లాగిన్ అయి, "అనుమతిస్తున్నాను" అని నొక్కాలి.

ఈలోగా టీవీ ఊరుకోదు. వేరే గడువు చెప్పకపోతే, అయిదు సెకన్లకొకసారి పొడవైన కోడ్ చూపించి "అయిందా?" అని సర్వరును అడుగుతూ ఉంటుంది. మరీ తొందరపెడితే "నిదానించు" అని సర్వరు గదమాయిస్తుంది. అప్పటినుండి మరో అయిదు సెకన్లు ఎక్కువ ఆగి అడగాలి. మీరు అనుమతించిన తరువాత టీవీకి ఒక టోకెను అందుతుంది. పాస్‌వర్డు మాత్రం టీవీకి చేరనే చేరదు.

పొట్టి కోడ్‌లో అచ్చులు లేకుండా ఇరవై ఇంగ్లీషు హల్లులే వాడవచ్చునని ఆ పత్రం సూచించింది. పొరపాటున ఏ చెడ్డ మాటో ఏర్పడకుండా ఈ జాగ్రత్త! ఎనిమిది అక్షరాలతో 2,560 కోట్ల కోడ్‌లు వస్తాయి. పైగా ప్రతి కోడ్‌కు కాలపరిమితి ఉంటుంది. కనుక ఊహించి కొట్టడం వల్ల కాదు.

అయితే మోసగాడికి ఊహించే పనే లేదు. తన యంత్రంలో తానే లాగిన్ మొదలుపెట్టి, తన తెరమీది కోడ్‌ను మీకు పంపుతాడు. "సమావేశంలో చేరడానికి ఇది కొట్టండి" అంటాడు. మీరు వెళ్ళేది అసలైన వెబ్‌సైటే, కొట్టేది మీ పాస్‌వర్డే, ఓ.టి.పి. కూడా సక్రమంగానే వస్తుంది. తలుపు మాత్రం అతని యంత్రానికి తెరచుకుంటుంది. ఈ విధమైన దాడులు 2024 ఆగస్టు నుండి జరుగుతున్నాయని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది.

కాబట్టి మీ ఎదుట ఉన్న యంత్రంలో, మీరే మొదలుపెట్టగా, మీ కంటితో చూచిన కోడ్‌నే కొట్టండి. ఫోనులోనో, మెసేజిలోనో ఎవరైనా చెప్పిన కోడ్‌ను, చెప్పినవారు ఎంత పరిచయస్థులైనా సరే, కొట్టకూడదు. క్యూ.ఆర్. గుర్తుతో తెరచినప్పుడు కూడా ఫోనులోని అక్షరాలు, టీవీమీది అక్షరాలు ఒకటేనా అని సరిచూడాలి.

ఇప్పటికే పొరపాటు జరిగి ఉంటే ఖాతా సెట్టింగులలో పరికరాల జాబితా తెరచి, మీది కానిదానిని వెంటనే తొలగించండి. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన కొన్ని చోట్ల పాత టోకెను రద్దు కాదు.