పండరిపురం దారిలో సాంగ్లీ దోస్తు

సమస్య

మాది భీమ్‌గల్. పసుపు, ఎర్రజొన్న పండిస్త. అరవై ఎనిమిదేండ్లుంటయి నాకు. లింబాద్రి గుట్ట జాతర అయినంక, పసుపు తవ్వుడు మొదలుగాక ముందు, ఇంటిల్లిపాదిని కార్ల యాత్రకు తీస్కపోతనని నా కొడుకు ఏర్పాట్లు చేసిండు. తుల్జాపూర్ భవాని, పండరిపురం, కొల్హాపూర్ మహాలక్ష్మి. కొడుకు, కోడలు, ఇద్దరు మనుమలు, మా ఇంటామె, నేను. నాకూ సంతోషమే.

నేను అడిగింది ఒక్కటే. సాంగ్లీల నాకో దోస్తున్నడు, చూసి పోదామన్న. ఇక్కడ ధర పడిపోయిన ఏడాదల్లా మేము నలుగురైదుగురం రైతులం కలిసి లారీ మాట్లాడుకొని, పసుపు బస్తాలేసుకొని సాంగ్లీ మార్కెట్‌కు పోయేటోళ్లం. ఆయన అక్కడ ఒక అడ్తి దుకాణంల గుమాస్తా, మరాఠాయన. మా సరుకు అమ్ముడుపోయేదాక షెడ్డుల బస్తాల మీదనే పండుకునేది. అది చూసి నన్ను ఇంటికి తీస్కపోయిండు. అప్పటిసంది ఎప్పుడు పోయినా వాళ్లింట్లనే. ఒకసారి జరమొచ్చి లేవకపోతే మిరజ్ దవాఖానల చూపిచ్చిండు. ఆయన భార్య జొన్నరొట్టె పాలల్ల నానబెట్టి తినిపిచ్చింది. ఆ తల్లి కరోనా కాలంల పోయింది. అప్పుడు బండ్లన్నీ బంద్. తర్వాత పోదాం పోదామనుకుంటనే ఏండ్లు గడిచినయి. ఇప్పుడు ఆయనకు కండ్లు సరిగ కనపడవంట. ఫోన్ల నా గొంతు పట్టి, ఎప్పుడొస్తవని అడుగుతడు.

కొడుకేమో, “లాడ్జీలు బుక్ అయినయి నాయినా, టైం లేదు. వీడియో కాల్ల మాట్లాడు. పసుపు బోర్డే నిజామాబాద్‌కు వచ్చింది, ఇంక సాంగ్లీతోని ఏం పని?” అంటడు. కోడలు, “తెల్వనోళ్ల ఇంటికి ఆరుగురం ఎట్ల పోతం, వాళ్ల భాష కూడ రాదు” అంటది. మా ఇంటామె వాళ్ల దిక్కే. కోపమొచ్చి “అయితే నేను కారెక్క, మీరే పోండ్రి” అన్న. ఇంట్ల మాటల్లేవు. నేనేం చెయ్యాలె?

– ఒక పసుపు రైతు, భీమ్‌గల్

సలహా

అయ్యా, మీ కొడుకు మాట చదివితే ఒకటి అర్థమైంది. సాంగ్లీ అనగానే ఆయనకు మార్కెట్ తప్ప మనిషి గుర్తుకు రావడం లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కావాలనీ, పంటకు గిట్టుబాటు ధర కావాలనీ మీ నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు పోటీకి దిగారు. 2025 జనవరిలో బోర్డు మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు. ఇంత జరిగాక, లారీ కట్టుకొని పొరుగు రాష్ట్రానికి పోయిన రోజులు మీ కొడుక్కి పాత కథలాగే తోస్తాయి. బోర్డు రావడం మంచిదే. అయితే మిమ్మల్ని దవాఖానకు తీసుకుపోయింది మార్కెట్ కాదు, ఒక మనిషి. ఈ సంగతి నాకు ఉత్తరంలో రాశారు. మీ కొడుకుకు ఇంత వివరంగా ఎప్పుడైనా చెప్పారా? చాలామంది రైతులు ఇంటికొచ్చి ధర చెబుతారు, తూకం చెబుతారు, తరుగు ఎంత పోయిందో చెబుతారు. ఎక్కడ పడుకున్నారో, ఎవరు అన్నం పెట్టారో చెప్పరు.

అందుకే ముందు అడిగే తీరు మార్చండి. “దారిలో దోస్తును చూసి పోదాం” అంటే వినేవాళ్లకు అది సరదా మాటలాగే ఉంటుంది. మీరు పోవలసింది పలకరింపుకు. మీకు అన్నం పెట్టిన ఇల్లాలు పోతే ఆ గడప తొక్కలేకపోయారు, ఆ బాకీ మీ మనసులో ఉంది. చావు జరిగిన ఇంటికి పోయి పలకరించి రావడం ఎంత అవసరమో మీ కోడలికీ, ఇంటామెకూ ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంతవరకూ వాళ్లు కాదన్నది మీ సరదాను. పలకరింపును కాదంటారని నేననుకోను.

వీడియో కాల్ మాటకు సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది. కళ్లు కనపడని మనిషికి ఫోన్‌లో మీ ముఖం చూపిస్తే ఏం లాభం? ఆయనకు మిగిలింది మీ గొంతు, పక్కన కూర్చుంటే మీ చెయ్యి. ఈ ఒక్క మాట కొడుకుతో నెమ్మదిగా చెప్పండి.

కోడలి అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. ఆ అమ్మాయి అన్నదాంట్లో నిజముంది. మగవాళ్లు పాత ముచ్చట్లలో పడితే, వచ్చిన ఆడవాళ్లు భాష రాక ఓ మూల కూర్చుంటారు, ఆ ఇంటి ఆడవాళ్లు పొయ్యి దగ్గర నిలబడతారు. మీ దోస్తు ఇంట్లో ఇప్పుడు ఆ పెద్దామె లేదు. ఆరుగురికి వండవలసింది ఆయన కోడలో, కూతురో. కాబట్టి అక్కడ భోజనం పెట్టుకోవద్దు. మధ్యాహ్నం తిని, చాయ్ వేళకు చేరండి. సాయంత్రం చాయ్ తాగి లేస్తామని ముందే ఫోన్ చేసి గట్టిగా చెప్పండి. వాళ్లు బలవంతం చేస్తారు, మీరూ మొహమాటపడతారు. అందుకే ఆ మాట మీ కోడలి చేత ఆ ఇంటి కోడలికి హిందీలో చెప్పించండి. ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుంటే సగం బెరుకు పోతుంది. మీ ఇంటామెను సకినాలు, గారెలు కట్టమనండి. ఆ ఇంటి కోడలికి బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇవ్వడం వాళ్లకూ తెలిసిన మర్యాదే. డబ్బులు మాత్రం చేతిలో పెట్టకండి.

ఇక టైం సంగతి. మీ కొడుకును మ్యాపు తీసి చూడమనండి. పండరిపురం నుంచి కొల్హాపూర్‌కు సంగోలా, మిరజ్ మీదుగా పోయే రోడ్డుంది. మిరజ్ దాటగానే సాంగ్లీ, రెండూ జంట ఊళ్లు. అక్కడి నుంచి కొల్హాపూర్ యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. అంటే మీరు అడుగుతున్నది వాళ్లు పోయే దారిలో ఓ సాయంత్రం. బుక్ చేసిన ఏ లాడ్జీనీ రద్దు చేసుకోనక్కర్లేదు.

ఒక్క సాయంత్రం మీకు చాలదని నాకు తెలుసు. ఆ ఇంటివాళ్లకు వీలైతే ఆ రాత్రి మీరొక్కరే అక్కడ ఉండిపోండి. మిగతావాళ్లు కొల్హాపూర్ పోయి పొద్దున మహాలక్ష్మి దర్శనం చేసుకుంటారు. మీరు తెల్లారి బస్సెక్కి వాళ్లను కలుసుకోవచ్చు. దర్శనం తప్పినా ఏం కాదు, అమ్మవారు ఎక్కడికీ పోదు. మీ వయసు దోస్తుల విషయంలో ఆ ధీమా ఉండదు. కొడుకు ముందు ఒప్పుకోకపోవచ్చు, మీ ఆరోగ్యం గురించి భయపడతాడు. మందుల సంచీ, ఫోను చార్జరు మీ దగ్గరే పెట్టుకుంటానని, బస్సెక్కగానే ఫోన్ చేస్తానని చెప్పండి.

మనుమలకు విసుగు రాకుండా సాంగ్లీ పక్కనున్న హరిపూర్ చూపించండి. కృష్ణా, వారణా నదులు కలిసేది అక్కడే. నేలలో లోతుగా గోతులు తవ్వి, పసుపు నింపి, పైన మూసి నిల్వ చేసే పాత పద్ధతి ఆ ఊరిదే. 2005 వరదల్లో ఆ గోతులు చాలా దెబ్బతిన్నాయి. కల్లంలో ఆరబోసిన కొమ్ములే చూసిన భీమ్‌గల్ పిల్లలకు నేల కింద పసుపు దాచడం వింతగానే ఉంటుంది. ఆ గోతుల సంగతి, లారీ మీద రాత్రంతా కూర్చొని పోయిన సంగతి కారులో మీరే చెప్పండి. దెగ్లూర్, ఉద్గీర్, లాతూర్ దాటేలోపు చెప్పడానికి కావలసినంత పొద్దుంటుంది. ముందు సీట్లో కొడుకు కూడా వింటాడు.

“కారెక్క” అన్న మాట మాత్రం ఈ రోజే వెనక్కి తీసుకోండి. యాత్ర ఏర్పాటు చేసింది మీ కోసమే కదా, ఆ మాట కొడుకును నొప్పించి ఉంటుంది. అలగడం వల్ల వాళ్లు ఒప్పుకున్నా, సాంగ్లీలో ముఖాలు ముడుచుకొని కూర్చుంటారు. కళ్లు కనపడకపోయినా ఆ పెద్దాయనకు అది తెలిసిపోతుంది.

మీరు పండరిపురంలో ఉండే రోజు ఏకాదశి పడుతుందేమో క్యాలెండర్‌లో చూసుకోండి. ఆ రోజు పండరిపురంలో వరస పెరిగి దర్శనానికి చాలా సేపు పడుతుంది. మీ దర్శనం ఆ రోజు పడకుంటే చాయ్ వేళకు సాంగ్లీలో ఉంటారు.