చిన్న ప్రాణమును ఎరుగుట

పఠన భాగములు: సామెతలు 12:10, 2 సమూయేలు 12:1–4, లూకా 14:1–6, యెషయా 38:1–5, 21



మన పల్లెలలో పిల్లి తిరుగని ఇల్లు అరుదు. అది ధాన్యపు గాదె దగ్గర ఎలుకలను పట్టును, చల్లారిన పొయ్యి ప్రక్కన పండుకొనును, ఎవరు పిలువకపోయినను పాలు పితుకు వేళకు వచ్చి కూర్చుండును. ఎద్దునకు జబ్బు చేసినయెడల ఇల్లంతయు కదలును. పిల్లికూనకు జబ్బు చేసినప్పుడో, "పోనీలే, పిల్లే గదా" అందుము. ఈ నెల పాఠము ఆ మాటను గూర్చినదే. అట్లు విడిచిపెట్టుట తగునా? తగనియెడల, బీదవాడు తనకు కలిగినంతలో ఏమి చేయవలెను?

ఒక ఇంటి సంగతి

హైదరాబాదులో జూబిలీ హిల్స్ గుట్టల క్రింద కృష్ణానగర్ అను పేట గలదు. తెలుగు చిత్ర పరిశ్రమ క్రమముగా మద్రాసునుండి హైదరాబాదునకు తరలివచ్చినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరువబడినది. తరువాత ఆ చుట్టుప్రక్కల మరి కొన్ని స్టూడియోలు లేచినవి. తెరమీద కనబడు పెద్దలు గుట్టమీద బంగళాలలో నుందురు. దీపములు మోయువారు, వంటలు చేయువారు, గుంపు దృశ్యములలో నిలుచువారు అనేకులు కృష్ణానగర్ ఇరుకు సందులలో అద్దె గదులలో కాపురముందురు. వారు తెల్లవారక మునుపే రోడ్డుమీదికి వచ్చి షూటింగు బండి కొరకు కనిపెట్టుదురు. బండి ఎక్కిన దినమున కూలి గలదు, ఎక్కని దినమున లేదు.

అట్టి గదులలో ఒకదానియందు లైట్ల పనివాడొకడు భార్యతోను, తొమ్మిదేండ్ల కుమార్తెతోను నివసించుచున్నాడు. వారు పల్లెనుండి వెళ్లినవారే. ఒకనాడు ఆ చిన్నది నీళ్ల తొట్టి వెనుక దొరికిన రెండు పిల్లికూనలను ఒడిలో పెట్టుకొని తెచ్చినది. అవి రెండు నెలల వయస్సువి. గదిలో ముగ్గురికే చోటు చాలదు. అయినను తండ్రి కాదనలేదు.

మూడు వారములు గడచిన తరువాత వాటిలో నల్లది తిండి మానినది. పచ్చని నురుగు కక్కుచు, నీళ్ల గిన్నెమీద తల వాల్చి కూర్చుండెను గాని త్రాగలేదు. "ఏమండీ, ఇది నిన్నటినుంచి ఏమీ ముట్టలేదు" అని భార్య చెప్పినది. "రేపటికి తేరుకుంటుందిలే" అని అతడనెను. ఆ రాత్రి ఎవరును నిద్రపోలేదు. ముగ్గురును మాటిమాటికి లేచి దీపము వేసి చూచిరి. విచారపడిరి గాని కదలలేదు.

రెండవ దినమున ప్రక్క గది ఆమె వచ్చి, "ఒళ్లు కాలిపోతుంది అక్కా. సగం పారసిటమాల్ బిళ్ల నూరి పొయ్యి. మా పిల్లవాడికి దాంతోనే తగ్గింది" అని చెప్పినది. తల్లి జాలిపడి ఆలాగే చేసినది. కొన్ని గంటలలో కూన ముఖము వాచెను, చిగుళ్లు గోధుమరంగు తిరిగెను, ఊపిరి ఎగసిపడెను. సాయంకాలమునకు అది చిన్నదాని ఒడిలోనే చనిపోయెను.

మరునాటి ఉదయమున రెండవ కూన, చారలది, తిండి మానినది. "నాన్నా, ఇది కూడా చచ్చిపోతుందా?" అని చిన్నది అడిగినది. అతడు బండి కొరకు వెళ్లుటకు చొక్కా తొడుగుకొని యున్నాడు. ఒక క్షణము నిలువబడి, వంటగ్యాసు కొరకు డబ్బాలో దాచిన రూపాయలను తీసికొనెను. కూనను అట్టపెట్టెలో తువాలు పరచి పెట్టుకొని, కూలి పోగొట్టుకొని, ఆటోలో పశువైద్యశాలకు వెళ్లెను.

డాక్టరు చూచి, అది పిల్లులకు వచ్చు పార్వో జాతి అంటువ్యాధి, పాన్‌ల్యూకోపీనియా అని చెప్పెను. చర్మము క్రింద సెలైను ఎక్కించి, వాంతులు ఆగుటకు సూది వేసి, ఇతర క్రిములు పైబడకుండ మందిచ్చి, మూడు దినములు వరుసగా తెమ్మనెను. తండ్రి చనిపోయినదాని సంగతి కూడ చెప్పెను. డాక్టరు కొంతసేపు ఊరకుండి, "అమ్మగారు ప్రేమతోనే ఇచ్చారు. ఆ రోగంతోనే పోయి ఉండవచ్చు కూడా. కాని ఆ బిళ్ల పిల్లికి విషం. ఇంకెవ్వరికీ ఆ సలహా చెప్పనివ్వకండి" అనెను.

అయిదవ దినమున చారల కూన ఉడికించిన కోడిమాంసపు నీళ్లు నాకినది. అది బ్రదికినది. ఈ సంగతిని మనకు పాఠముగా తీసికొని, అందులోని నాలుగు మాటలను ఆలోచింతము.

1. ఎరుగుట

పరిశుద్ధ గ్రంథములోని అరువదియారు పుస్తకములలో ఇంటి పిల్లి పేరు ఎక్కడను కానరాదు. అయినను సామెతలు 12:10లోని మాట దానికిని చెందును. నీతిమంతుడు తన పశువు ప్రాణము విషయమై శ్రద్ధగలవాడని అచ్చట బోధింపబడినది. హెబ్రీ మూలములో ఆ క్రియకు అర్థము "ఎరుగుట". అనగా జాలిపడుట మాత్రమే చాలదు. ఆ ప్రాణము స్థితి ఎట్లున్నదో చూచి తెలిసికొనవలెను.

కాబట్టి ఇంట నున్న ప్రాణి ఆరోగ్యముగా నున్నప్పుడు ఎట్లుండునో ముందుగా ఎరుగుడి. పుట్టిన పిల్లికూన ఇంచుమించు 100 గ్రాముల తూకముండును. మొదటి వారములలో దినమునకు సుమారు 10 గ్రాములు పెరుగును. పెరుగుట ఆగినయెడల ఏదో లోపమున్నదన్నమాట. పిల్లి ఒళ్లు మన ఒంటికన్న సహజముగానే వెచ్చన, 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు దానికి ఆరోగ్యమే. ముట్టి చూచి జ్వరమనుకొని పొరబడువారు అనేకులు. చిగుళ్లు గులాబి రంగున ఉండవలెను. తెల్లబడినయెడల రక్తము తగ్గినది, ఒంటినిండ గోమార్లున్న కూనలలో ఇది కలుగును. మెడమీది చర్మమును పట్టి విడిచినప్పుడు వెంటనే సర్దుకొనవలెను; మడత నిలిచియున్నయెడల ఒంటిలో నీరు తగ్గినది.

2. ఎరుగని దయ

అదే వచనము రెండవ భాగములో, క్రూరత్వముగా మారు వాత్సల్యము ఒకటి గలదని హెచ్చరించుచున్నది. అది భక్తిహీనులను గూర్చి చెప్పబడినది. ఆ తల్లి అట్టిది కాదు. అయినను తెలివి తోడులేని దయవలన కూడ అదే కీడు కలుగవచ్చునని ఆమె కన్నీటితో నేర్చుకొనినది.

పారసిటమాలును విరిచి బయటికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. ఆ మందు దాని రక్తమును చెరపగా, రక్తము ప్రాణవాయువును మోయలేదు. పెద్ద పిల్లిని సహితము ఒక్క బిళ్ల చంపవచ్చును. మనుష్యుల నొప్పి బిళ్లలు ఏవియు పిల్లికి ఇయ్యకుడి. కుక్కల గోమార్లకు పూయు పెర్మెత్రిన్ మందును దానికి పూయకుడి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర పెట్టకుడి. ఆవుపాలు అనేక కూనలకు విరేచనములు కలిగించును. జబ్బుతోనున్న కూనకు అది మరింత కీడు. చల్లబడిన కూన నోట బలవంతముగా ఏమియు పోయకుడి. మొదట గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా ప్రక్కన పెట్టి ఒళ్లు వెచ్చజేయుడి.

3. ఆలస్యము చేయకుండుట

బావిలో పడిన ఎద్దును విశ్రాంతి దినమైనను వెంటనే పైకి తీయనివాడు మీలో ఎవడని ప్రభువు పరిసయ్యుల నడిగెను (లూకా 14:5). గట్టున కూర్చుండి విచారించుటవలన ఎద్దు పైకి రాదు. కృష్ణానగర్ ఇంటివారు మొదటి రెండు దినములు గట్టుననే కూర్చుండిరి. వారికి ప్రేమ లేక కాదు. ఏమి చేయవలెనో తెలియలేదు, ఖర్చునకు భయపడిరి. మూడవ దినమున చేసినదే మొదటి దినమున చేసియుండినయెడల, బహుశా రెండును బ్రదికియుండునేమో.

పెద్ద పిల్లి ఒక పూట తినకపోయినను కొంత ఓర్చుకొనును, కూన ఓర్చుకొనలేదు. చిన్న కూన అర్ధదినము, రెండు మూడు నెలలది ఒక దినము ఏమియు ముట్టనియెడల డాక్టరునకు చూపవలెను. పలుమారు వాంతి, నెత్తురు విరేచనము, నోరు తెరచి ఊపిరి తీయుట, మూర్ఛ, ఒళ్లు చల్లబడుట వీటిలో ఏది కనబడినను ఆ గడియనే బయలుదేరవలెను. తుమ్ములు, కండ్ల పుసులు మాత్రమే యుండి తినుచున్నయెడల మరునాటివరకు కనిపెట్టి చూడవచ్చును. ఏ కూనయైనను కరచినను రక్కినను, ఆ చోటును సబ్బుతోను పారు నీటితోను 15 నిమిషములు కడిగి, మనుష్యుల ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా విషయమై అడుగుడి.

4. ఖర్చును లెక్కించుట

"పిల్లల నోటికే లేనప్పుడు పిల్లికి ఖర్చా?" అని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న తప్పు కాదు. మనుష్యుడు గొఱ్ఱెకంటె శ్రేష్ఠుడని ప్రభువే చెప్పెను (మత్తయి 12:12). బిడ్డల అన్నము, మందు ముందు. అప్పుచేసి పిల్లిని బ్రదికించవలెనని ఎవరును నియమింపలేదు. అయితే నాతాను దావీదునకు చెప్పిన కథను మరువకుడి. ఆ దరిద్రునికి ఒక్క గొఱ్ఱెపిల్ల యుండెను. అది అతని చేతి ముద్ద తిని, అతని గిన్నెలో త్రాగి, అతని కౌగిటిలో పండుకొనెను. దానిపై ప్రేమ ధనవంతుని వేడుక కాదు, బీదవాని ఇంటి సంగతి. బంగళాలో పెరుగు విదేశపు పిల్లికిని, నీళ్ల తొట్టి వెనుక దొరికినదానికిని నొప్పి ఒక్కటే.

నిర్ణయము చేయు ముందు ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడి. ఇది స్వస్థపడు జబ్బా? చికిత్స ఎన్ని దినములు, ఎంత ఖర్చు? అంత చేయలేనియెడల నొప్పి తగ్గించుటకైనను ఏమి చేయవచ్చును? ఈ మూడింటిని సిగ్గుపడక డాక్టరునే అడుగుడి. "నా యొద్ద ఇంతే ఉన్నది, ఇందులో ఏది ముఖ్యము?" అని అడుగుట అవమానము కాదు.

సహాయము మనము తలంచినంత దూరము లేదు. మండలములలో ప్రభుత్వ పశువైద్యశాలలు గలవు. హైదరాబాదు నారాయణగూడలో ప్రభుత్వపు పెద్ద పశువైద్యశాల గలదు. కృష్ణానగర్ పైనున్న జూబిలీ హిల్స్‌లోనే, నటి అక్కినేని అమల ముందుండి 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ సంఘము దిక్కులేని జంతువుల కొరకు పనిచేయుచు వచ్చినది. పల్లెలకు సంచార పశువైద్య వాహనములు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను మొదలైనవి. వాటిని పిలుచు ఫోను నంబరు 1962. అవి ముఖ్యముగా పాడిపశువులకును జీవాలకును ఏర్పడినవి. మన దేశపు చట్టము కూడ ఈ విషయమై మాటలాడుచున్నది. జంతువును తన యధీనములో నుంచుకొనినవాడు దాని క్షేమమునకు తగిన జాగ్రత్త తీసికొనవలెనని 1960 నాటి జంతు హింస నివారణ చట్టము విధించినది.

అన్నిటికన్న తక్కువ ఖర్చు ముందు జాగ్రత్తయే. ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారములకొకసారి, నాలుగు నెలలు నిండువరకు కొనసాగించినయెడల పాన్‌ల్యూకోపీనియా భయము మిక్కిలి తగ్గును. ఈ రోగము మనుష్యులకు అంటదు. అయితే ఆ క్రిమి గదిలో నెలల తరబడి బ్రదికియుండును. కనుక రోగముతో చనిపోయిన కూన పడుకొనిన గుడ్డలను కాల్చి, నేలను బ్లీచింగు నీళ్లతో కడిగి, టీకా లేని మరియొక కూనను ఆ ఇంటికి తేకుడి.

ప్రార్థనయు మందును

ఆ ఇంటి చిన్నది రెండు రాత్రులును ప్రార్థన చేసినదట. "మరి నల్లది ఎందుకు చచ్చిపోయింది?" అని ఆమె తల్లిని అడిగినది. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు చెప్పుట మంచిది కాదు. అయితే ఒక సంగతి స్పష్టము. హిజ్కియా కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు వినెను. అయినను యెషయా అంజూరపు ముద్దను పుండుమీద వేయుమనెను (యెషయా 38:5, 21). ప్రార్థన వినబడిన ఇంటనే మందును పూయబడినది. ఒకటి రెండవదానికి అడ్డు కాదు. మోకాళ్లూనిన తండ్రియు, పెట్టె పట్టుకొని ఆటో ఎక్కిన తండ్రియు ఒక్కడే.

కొన్నిసార్లు డాక్టరు చూచినను ప్రాణము నిలువదు. అప్పుడు దానిని వెచ్చగా, నిమ్మళముగా, ఇంటివారి ప్రక్కన పోనిచ్చుటయే మిగిలిన పని. బిడ్డ ఏడ్చినయెడల "పిల్లే గదా" అని గద్దింపకుడి. పిచ్చుకలలో ఒకటి నేలపడుట సహితము తండ్రికి తెలియునని మనము బోధించుచున్నాము గదా (మత్తయి 10:29). ఆ మాట నిజమైనయెడల, పిల్లికూన కొరకు కార్చిన కన్నీరు వ్యర్థమని ఎవడు చెప్పగలడు?

ఆ తల్లి ఇప్పుడు తన సందులో ఎవరి పిల్లికి జబ్బు చేసినను మొదట ఒక్క మాట చెప్పుచున్నది: "ఆ బిళ్ల పొయ్యొద్దమ్మా. నేను పోశాను." ఆమె నోట ఆ రెండవ మాట వచ్చుట సులభము కాదు. దానిని వినినవారిలో కొందరు చేతిలోని బిళ్లను ప్రక్కన పెట్టిరి.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. విచారపడుటకును శ్రద్ధ తీసికొనుటకును భేదమేమి? మీ ఇంట జరిగిన ఒక సంగతి చెప్పుడి.
2. మంచి మనస్సుతో చేసిన పని కీడైన సందర్భములు ఏవి? వాటిని ఒప్పుకొని ఇతరులకు చెప్పుట ఎందుకు కష్టము?
3. మీ గ్రామమునకు దగ్గరి పశువైద్యశాల ఎక్కడ నున్నది? అది ఏ వేళలలో తెరచియుండును? సంఘములో ఎవరైన ఒకరు ఈ వారమే తెలిసికొని అందరికి చెప్పుడి.
4. ఖర్చు చేయలేని పొరుగువాని పశువునకు జబ్బు చేసినయెడల మనము ఏమి చేయగలము? నిర్గమకాండము 23:4–5 చదువుడి.