కేన్సర్ చికిత్స పొందిన స్నేహితునికి మీరు చేయగల సహాయం

పెద్ద ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన మొదటి వారం ఇంటినిండా జనమే ఉంటారు. కీమోథెరపీ మూడు, నాలుగు సైకిళ్ళు గడిచేసరికి వచ్చేవారు తగ్గిపోతారు. రోగి బాగా నీరసించేది సాధారణంగా అప్పుడే. కనుక మీ సహాయంలో కొంత ఆ రోజులకు దాచి ఉంచండి.

1. జ్వరాన్ని తేలికగా తీసుకోవద్దు

చాలా కీమో మందుల తరువాత సుమారు 7 నుండి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, చలితో వణుకు వచ్చినా ప్రాణాపాయంగా భావించండి. "మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దాం" అనవద్దు. పారాసెటమాల్ జ్వరాన్ని కప్పిపెడుతుందే గాని ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించదు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, కీమో జరుగుతున్నదని ముందుగా చెప్పండి. పండ్ల బుట్టకన్నా ఒక థర్మామీటరు మంచి కానుక.

2. వెంట వెళ్ళండి

ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ నుండి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రికి వెళ్ళేవారు లక్డీకాపూల్ వరకు రైలు మారకుండా మెట్రోలో వెళ్ళవచ్చు. రద్దీ వేళలు తప్పించండి, మాస్కు పెట్టించండి. తిరుగు ప్రయాణంలో వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఆటోలో తీసుకురండి. ఫైలు మీరు పట్టుకోండి, డాక్టరు చెప్పినవి కాగితం మీద రాసుకోండి.

3. పని అందుకోండి

"ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ అడగరు. "మంగళవారం పిల్లలను బడి నుండి నేను తీసుకొస్తాను" అనండి. పొట్ట ఆపరేషన్ అయినవారిని డాక్టరు అనుమతించే వరకు నిండు బిందె, గ్యాస్ సిలిండరు ఎత్తనివ్వకండి. నోటిపూత ఉంటే కారం లేని పెరుగన్నం, చల్లార్చిన జావ ఇవ్వండి. బయట కోసి అమ్మే పండ్లు, పానీపూరీ వద్దు.

4. మాట జాగ్రత్త

"అయ్యో, ఎలా అయిపోయావు!" అనవద్దు. రాలిన జుట్టు చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో చాలామందికి తిరిగి వస్తుంది. కేన్సర్ అంటువ్యాధి కాదు, పక్కన కూర్చుని భోజనం చేయండి. డాక్టరుకు తెలియకుండా పసరు మందులు తేవద్దు. మీకు జలుబు, దగ్గు ఉంటే వెళ్ళకుండా ఫోన్ చేయండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ధైర్యం చెప్పడానికి తొందరపడవద్దు.

చివరి కీమో అయిన తరువాత కూడా నీరసం నెలల తరబడి ఉండవచ్చు. "ఇక బాగయిపోయింది కదా" అనుకుని మానుకోకండి. అప్పుడు కూడా ఆ ఇంటి తలుపు తట్టండి.