పిలకలు రాకపోతే ముందు వేరు మాట విను

చి॥ సుజాతకు,

ఏఈఓగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. నాట్లు అయిన నెల లోపే ఎవరో ఒక రైతు నిన్ను మడి దగ్గరికి తీసుకెళ్లి, "పిలకలు రావట్లేదమ్మా, ఇంకో బస్తా డీఏపీ వేయమంటావా?" అని అడుగుతాడు. వెంటనే సరే అనకు.

ముందు మడిలోకి దిగి ఆకు చూడు. తుప్పు రంగు మచ్చలుంటే జింకు లోపం కావచ్చు. అక్కడ డీఏపీతో భాస్వరం దండిగా వేస్తే జింకు ఇంకా అందకుండా పోతుంది. అలా కాక ఆకు ముదురాకుపచ్చగా, నిటారుగా ఉండి, దుబ్బు గిడసబారితే భాస్వరం చాలట్లేదని అనుమానించు.

భాస్వరం దొరకనప్పుడు వరి వేరు స్ట్రిగోలాక్టోన్లు అనే పదార్థాలను ఎక్కువగా తయారుచేస్తుంది. అవి పిలక మొగ్గల్ని ఎదగనివ్వవు. అంటే పిలకలు తగ్గడం ఉన్న తిండితో గట్టెక్కడానికి మొక్క తీసుకున్న నిర్ణయం. కొమ్మల మీద వీటి అదుపును 2008లో ఫ్రాన్స్, జపాన్ పరిశోధకులు విడివిడిగా నిరూపించారు. ఆకు కూడా ఊరుకోదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 399 అనే చిన్న అణువును కిందికి పంపి, వేరు భాస్వరాన్ని లాక్కోకుండా పట్టి ఉంచే అడ్డు తీయిస్తుంది. కడుపు నిండితే ఆ కబురు తగ్గిపోతుంది.

అదే స్ట్రిగోలాక్టోన్లను వేరు మట్టిలోకీ వదులుతుంది. అవి తగిలితే మైకోరైజా శిలీంధ్రం కొమ్మలు వేసి వేరును చేరుతుంది, వేరు అందుకోలేని చోటు నుంచి భాస్వరం తెచ్చిపెడుతుంది. శిలీంధ్రం చేత కొమ్మలు వేయించేది ఈ పదార్థాలేనని 2005లో తేలింది. విచారమేమిటంటే ఆ పిలుపు శత్రువుకూ వినిపిస్తుంది. మన పొగాకు రైతుల్ని ఏడిపించే మల్లె అనే కలుపు తెలుసుగా? దాని దుమ్ములాంటి విత్తనాలు ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి, వేరు వదిలే ఇలాంటి పదార్థాలు సోకగానే మొలుస్తాయి. అసలు ఈ కోవలోని స్ట్రిగాల్ అనే పదార్థాన్ని 1966లో పత్తి వేళ్ల నుంచి వేరుచేసింది కూడా ఇలాంటి కలుపు మొలకెత్తడానికి కారణం వెతుకుతూనే.

నీళ్లు నిలిచే మడిలో మైకోరైజా అంతగా నిలవదు. మొక్కజొన్న, పత్తి చేలల్లో మాత్రం దాని విలువ ఎక్కువ. అక్కడ అవసరానికి మించి భాస్వరం గుమ్మరిస్తే వేరు పిలవడం తగ్గిస్తుంది, శిలీంధ్రం దూరమవుతుంది, బస్తా డబ్బు రైతు నెత్తిన పడుతుంది. ఏటా డీఏపీ వేసిన నేలల్లో భాస్వరం ముందే పోగుపడి ఉండవచ్చు. అందుకే భూసార పరీక్ష ఫలితం చేతిలో లేకుండా ఏ రైతుకూ ఎరువు మోతాదు చెప్పకు తల్లీ.

మీ మామయ్య