డెన్మార్కు, జర్మనీ దేశముల దిగుమతులు: రైతులు గ్రహింపవలసిన విషయములు

దిగుమతులు పెరిగిన దేశము నష్టపడుననియు, తగ్గిన దేశము లాభపడుననియు పలువురు తలంతురు. వచ్చిన సరకు ఏ పనికి వినియోగమగుచున్నదో విచారింపక ఇట్లు నిర్ణయించుట సరికాదు. యూరపు ఖండమున ఇరుగుపొరుగున నున్న డెన్మార్కు, జర్మనీ దేశముల వృత్తాంతము ఇందులకు నిదర్శనము.

1. ధాన్యపు ధర పడిపోవుట

1870 తరువాత రైలుమార్గములును పొగయోడలును పెరుగుటచే, అమెరికా, రష్యా దేశముల ధాన్యము యూరపు అంగళ్లలో చౌకగా వచ్చిపడెను. అంతకుముందు ధాన్యమును పైదేశముల కమ్ముకొని బ్రతికిన డెన్మార్కు రైతులకును, తూర్పు జర్మనీ భూస్వాములకును ఒకే ఆపద వాటిల్లెను. రెండు దేశములును వేర్వేఱు మార్గముల నవలంబించెను.

2. జర్మనీ మార్గము

జర్మనీ ప్రభుత్వము దిగుమతి ధాన్యముపై సుంకము విధించెను. గోధుమలకును, రై ధాన్యమునకును నూఱు కిలోగ్రాములకు 1879లో 1 మార్కు, 1885లో 3 మార్కులు, 1887లో 5 మార్కులు చొప్పున సుంకము హెచ్చెను. ఇందువలన ధాన్యము పండించు పెద్ద భూస్వాములకు ధర నిలిచెను. కాని పట్టణవాసులకు రొట్టె ప్రియమయ్యెను. మేత కొని పశువులను పెంచు చిన్న రైతులకు ఖర్చు పెరిగెను. జనసంఖ్య వృద్ధియగుచుండుటచే దిగుమతులును ఆగలేదు.

3. డెన్మార్కు మార్గము

డెన్మార్కు ధాన్యమునకు సుంకము విధింపలేదు. అచ్చటి రైతులు చౌక ధాన్యమును, తెలకపిండివంటి గానుగపిండిని కొని ఆవులకును పందులకును మేపిరి. 1882లో హెడ్డింగు గ్రామమున రైతులు కలిసి సహకార పాలకేంద్రమును స్థాపించిరి. వెన్న తీసిన పాలు మరల రైతుల యిండ్లకు పోయి పందులకు మేతయయ్యెను. 1887లో జర్మనీ డెన్మార్కు పందుల దిగుమతిని నిషేధింపగా, ఆ సంవత్సరమే హార్సెన్సు పట్టణమున రైతులు సహకార మాంసశాలను నెలకొల్పి, ఉప్పుపట్టించిన మాంసమును ఇంగ్లండునకు పంపసాగిరి. ఇట్లు ధాన్యము నమ్మిన దేశము ధాన్యమును కొనునదయ్యెను, అయినను చెడలేదు. కొనినది మేత, అమ్మినది వెన్నయు మాంసమును, పొలమున మిగిలినది ఎరువు.

4. యుద్ధకాలపు పరీక్ష

1914లో యుద్ధము రాగా ఇంగ్లండు నౌకాదళము జర్మనీకి సముద్రమార్గమును మూసివేసెను. పైదేశపు మేతయు, చిలీ దేశపు సురేకారమును నిలిచిపోయెను. 1915లో లక్షలకొలది పందులను వధించిరి. 1916–17 చలికాలమున బంగాళాదుంపపంట చెడి, ప్రజలు పశువులకు వేయు దుంపలను తినిరి. సుంకమువలన ధర నిలిచెనేగాని దేశమునకు స్వయంపోషణ సిద్ధింపలేదు.

డెన్మార్కు తటస్థముగా నుండినను, 1917లో జర్మనీ జలాంతర్గాముల దాడి హెచ్చుటచే మేత దిగుమతి నిలిచెను. పందుల మందలు మిక్కిలి తగ్గెను. అప్పుడు పశువులకు వేయు యవలను, తవుడును మనుష్యుల ఆహారమునకు మరలించిరి. మంద తగ్గెనుగాని ప్రజలకు క్షామము రాలేదు. యుద్ధానంతరమున మందలు మరల పెరిగెను.

తరువాత పశ్చిమ జర్మనీ 1958 నుండియు, డెన్మార్కు 1973 నుండియు యూరపు ఉమ్మడి విపణిలో చేరుటచే, ఈ యిరుగుపొరుగు దేశముల నడుమ సుంకపు గోడ తొలగెను.

5. రైతులు గమనింపవలసినవి

(అ) రెండు దేశముల దిగుమతులను పోల్చునపుడు ఒకే సంవత్సరములను తీసికొనవలెను. తూకమును, వెలను వేర్వేఱుగ చూడవలెను. ధర పడినపుడు సరకు పెరిగియు వెల తగ్గియుండవచ్చును.

(ఆ) కొనిన సరకు తినివేయబడినదా, లేక అంతకన్న విలువైన సరకుగ మారినదా యని చూడవలెను.

(ఇ) బయటి మేతనే పూర్తిగా నమ్ముకొనరాదు. దారి మూసికొనిననాడు ఇంటివారికి చాలునంత పంట పొలమున నుండవలెను.

రైతు తన యింటిలెక్కను సయితము ఇట్లే చూచుకొనవలెను. పాడిగేదెకు కొనిన తెలకపిండి పాలుగను, పెంటగను తిరిగివచ్చును. తిరిగిరాని ఖర్చును దీనితో కలిపి యొకే పద్దున వ్రాసికొన్నచో లాభనష్టములు తెలియవు.