మందుల కిటికీ దగ్గర మాట



డాక్టరు గారు చీటీ రాస్తారు. ఫార్మసిస్టు గారు మందు ఇస్తారు. అంతటితో వైద్యం పూర్తయిందని మనం అనుకుంటాం. కానీ మందు వేసుకునేది ఇంటికి వెళ్లాక. అక్కడ డాక్టరూ ఉండరు, ఫార్మసిస్టూ ఉండరు. వారు చెప్పిన మాట ఒక్కటే మనతో ఉంటుంది. ఆ మాట రోగికి ఎంతవరకు అర్థమవుతోందో ఈ పాఠంలో చూద్దాం.

మన చాతం సంగతే తీసుకుందాం. శ్రీ విజయపురానికి, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, వంతెనతో కలిసిన చిన్న దీవి ఇది. 1883లో పెట్టిన సా మిల్లు వల్ల దీని పేరు అందరికీ తెలుసు. అంతకు ముందే, 1789లో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి వలసను ఈ దీవి మీదే నెలకొల్పారు. 1792లో ఆ వలస ఉత్తర అండమాన్‌కు మారింది. జబ్బులు, మరణాలు ఎక్కువై 1796లో దాన్ని ఎత్తివేశారు. ఇక్కడ మనుషులు నిలదొక్కుకోవడం ఆరోగ్యంతో ఎంతగా ముడిపడి ఉందో ఆ చరిత్రే చెబుతుంది.

ఈనాడు ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు మాట్లాడేవారు పక్కపక్కనే ఉంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వారిలో ఎన్నో. డిస్పెన్సరీ వరుసలో నాలుగు భాషలు నిలబడి ఉంటాయి. కిటికీకి అవతల ఉన్న ఒక్కరికి అన్నీ రావాలంటే కుదరదు కదా! బదిలీల మీద ఊళ్లు మారే మన కుటుంబాలకు కూడా ఈ ఇబ్బంది కొత్త కాదు.

ఫార్మసిస్టు పని ఏమిటి?

పాత తరం వారు 'కాంపౌండరు' అని పిలిచేవారు. మందులు కలిపి, సీసాలో పోసి ఇచ్చే మనిషి అని వారి భావం. ఇప్పుడు ఈ వృత్తికి 1948 నాటి ఫార్మసీ చట్టం ఉంది. 2015లో వచ్చిన నిబంధనల ప్రకారం మందు ఇవ్వడంతో ఫార్మసిస్టు బాధ్యత తీరిపోదు. ఆ మందు ఏమిటో, ఎలా, ఎన్నాళ్లు వాడాలో, ఎక్కడ దాచుకోవాలో, ఏ ఇబ్బందులు రావచ్చో, ఒక మోతాదు మరచిపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి.

రోగులు ఏమనుకుంటారు?

అమెరికాలోని ఆషెవిల్ నగరంలో 1996లో ఒక ప్రయత్నం మొదలైంది. చక్కెర వ్యాధి ఉన్న నగర ఉద్యోగులు తరచుగా ఫార్మసిస్టును కలిసి మాట్లాడేవారు. వారి రక్తంలో చక్కెర మునుపటి కంటే అదుపులోకి వచ్చింది. ఇంగ్లండులో 2015 నుంచి డాక్టర్ల క్లినిక్‌లలోనే ఫార్మసిస్టులను నియమించే పద్ధతి పెరిగింది. ఇలాంటి చోట్ల రోగులను అడిగినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. మొదట్లో, "నేను డాక్టరును చూడటానికి వచ్చాను, ఈయన ఎవరు?" అన్న సందేహం. తరువాత, "తొందరపడకుండా కూర్చోబెట్టి చెప్పారు, నా మాట విన్నారు" అన్న తృప్తి. రోగికి గుర్తుండేది ఆ ఆదరణే. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మాట తప్పితే ఏమవుతుంది?

హిందీలో 'దిన్ మే దో బార్' అంటే రోజుకు రెండుసార్లు. 'దో దిన్ మే ఏక్ బార్' అంటే రెండు రోజులకు ఒకసారి. సగం తెలిసిన చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీషులో 'వన్స్' అంటే ఒకసారి. అవే అక్షరాలను స్పానిష్ వారు 'ఓన్సే' అని చదువుతారు. దాని అర్థం పదకొండు! మన తెలుగులో 'పూటకొకటి' అన్నా చిక్కే. కొందరికి రోజుకు రెండు పూటలు, కొందరికి మూడు. అందుకే 'ఉదయం ఒకటి, రాత్రి ఒకటి' అని విడమరచి చెప్పాలి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందును వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

ఇక్కడే మీ పాత్ర ఉంది

నాయనమ్మకు తెలుగు ఒక్కటే వచ్చు. కిటికీ అవతల హిందీ. మధ్యలో మీరు. మనలో చాలామంది ఇళ్లలో పిల్లలే దుబాసీలు. అది గౌరవమైన పని, బరువైన పని కూడా. మూడు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి: అర్థం కాని మాటను ఊహించి చెప్పకండి. "సర్, మళ్లీ ఒకసారి చెప్పండి" అని అడగడం తప్పు కాదు. చీటీలో 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని అర్థం. అనుమానం ఉంటే ఒక్కొక్క మాత్రను చూపించి అడగండి.

రెండు: విన్నది తిరిగి చెప్పించండి. "నాయనమ్మా, ఇది ఎప్పుడు వేసుకుంటావు?" అని అక్కడే అడగండి. ఆమె "పరగడుపున" అనాల్సిన చోట "అన్నం తిన్నాక" అంటే, ఫార్మసిస్టు ఎదుటే సరిదిద్దుకోవచ్చు. ఇంటికి వెళ్లాక సరిదిద్దేవారు ఉండరు.

మూడు: పెద్దలకు కొన్ని బాధలు మనవల ముందు చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది. అలాంటప్పుడు, తెలుగు వచ్చిన నర్సు గాని, మరో పెద్ద మనిషి గాని ఉన్నారేమో అడిగి, మీరు కాస్త పక్కకు తప్పుకోండి. ప్రతి మాటా మీ ద్వారానే వెళ్లాలని లేదు.

ఫార్మసిస్టులకు కూడా మనవైపు నుంచి సాయం కావాలి. పొడవాటి వరుసలో ఒక్కొక్కరికి వారు ఇవ్వగలిగిన సమయం తక్కువ. ఇంట్లో ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్తే వారి పని తేలికవుతుంది, రోగికి మేలు జరుగుతుంది.

సెప్టెంబరు 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం. ఆ రోజు శుభాకాంక్షలు చెప్పడంతో పాటు, మన భాషల మాటలు కొన్ని రాసి ఇస్తే వారికి ఇంకా ఉపయోగం.

అభ్యాసం

1. మీ ఇంట్లోని ఒక మాత్రల అట్టను తీసుకొని, మందు పేరు, గడువు తేదీ రాయండి. దాని మీద ఎర్ర గీత ఉంటే, డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని ఇంట్లో వారికి వివరించండి.

2. 'పరగడుపున', 'భోజనం తర్వాత', 'పడుకునే ముందు', 'రోజు విడిచి రోజు', 'నొప్పి ఉంటేనే' – ఈ మాటలను మీ స్నేహితుల సాయంతో హిందీ, బెంగాలీ, తమిళ భాషల్లో రాసి పట్టిక తయారు చేయండి. పెద్దల చేత సరిచూపించి, మీకు దగ్గరలోని డిస్పెన్సరీలో ఇవ్వండి.

3. మీ ఇంట్లో రోజూ మందులు వాడే పెద్దవారిని, "మందు ఇచ్చేటప్పుడు నీకు అర్థమయ్యేలా చెబుతున్నారా?" అని అడగండి. వారి జవాబును వారి మాటల్లోనే పది వాక్యాల్లో రాయండి.