సంఘమందిరములో సాయంకాలపు బడి



ఈ నెల పాఠము పెద్దల చదువును గూర్చినది. పెద్దలంటే ఇక్కడ సంఘపెద్దలు కాదు. చిన్ననాడు బడికి వెళ్ళే వీలులేక, వయస్సు వచ్చిన తర్వాత అక్షరము నేర్చుకోవలసి వచ్చినవారు. మన వేలూరు, గుడియాత్తం సంఘాలలో ఇటువంటివారు నేటికీ ఉన్నారు. పాటల పుస్తకము తెరచి చేతిలో పట్టుకొని, పాట మాత్రం కంఠతా పాడే తల్లులను మీరూ చూచే ఉంటారు.

నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఉద్యోగము కోసం ఎదురుచూస్తున్న రోజులవి. 1979లో గుడియాత్తంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వయోజన విద్యాకేంద్రము నడిపే పని దొరికింది. జాతీయ వయోజన విద్యా కార్యక్రమము 1978 అక్టోబరు 2న ప్రారంభమై అప్పటికింకా ఏడాది నిండలేదు. కేంద్రానికి 30 మంది, బోధకునికి నెలకు 50 రూపాయలు, పది నెలల గడువు. లాంతరు, పలకలు, తమిళ వాచకాలు ఇచ్చారు. వచ్చినవారిలో ఎక్కువమంది బీడీలు చుట్టే స్త్రీలు, సగము మందికి ఇంటి భాష తెలుగు. మన సంఘపెద్దలు "తెలుగే నేర్పు, వాక్యము చదువుకొంటారు" అన్నారు. సంస్థవారు "వాచకము తమిళము కదా, తమిళమే నేర్పాలి" అన్నారు. నేను రెండూ కలిపి నేర్పబోయి వారిని తికమక పెట్టాను. శిక్షణలో నేర్చుకొన్న పటాలు, పాఠ్యప్రణాళికలు నా దగ్గర బోలెడున్నాయి. నాలుగో వారానికి చాప సగము ఖాళీ అయింది.

ఒక రాత్రి ఒక పెద్దామె కొంగుముడి విప్పి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది. "నాయనా, అ అంటే అమ్మ అని నాకు తెలీదా? ఈ చీటీలో ఏజెంటు ఏం రాసుండాడో అది చెప్పు" అన్నది. ఇచ్చిన ఆకు ఎంత, పొగాకు ఎంత, తిరిగి అప్పగించిన బీడీలు ఎన్ని వేలు, బాగాలేవని పక్కకు తీసినవి ఎన్ని, చివరకు చేతికి వచ్చే కూలి ఎంత, అంతా అందులో ఉంది. ఏళ్ళ తరబడి ఆమె బ్రతుకు లెక్క ఆ కాగితములో ఉండగా నేను పటము చూపించి ఏనుగు, ఒంటె నేర్పుతున్నాను!

మరునాటినుండి అంకెలతో మొదలుపెట్టాము. 1, 2, 3 అంకెలకు తెలుగు, తమిళము అనే తగవు లేదు. అంకెల తర్వాత చీటీలోని తమిళ మాటలు. 'కూలి' రెండు భాషలలోనూ కూలియే గదా, ఆ మాటతోనే రెండు లిపులూ పక్కపక్కన వ్రాసి చూపించాను. నెల తిరిగేసరికి చాప నిండింది. పక్కకు తీసిన బీడీల లెక్కను ఇద్దరు స్త్రీలు ఏజెంటు ఎదుటే మళ్ళీ ఎంచి సరిచేయించుకొన్నారు. 1976లో వచ్చిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము క్రింద కార్మికులకు వైద్యము, వారి పిల్లలకు విద్యార్థి వేతనము ఉన్నాయని నేను కూడా ఆ బడిలోనే తెలుసుకొన్నాను. అంతకుముందు నాకూ తెలియదు. అడిగినవారు లేకపోతే తెలుసుకొనేవాడిని కాదు.

పది నెలలయ్యాయి. కిరసనాయిలుకు డబ్బు ఆగింది, బడి ఆగింది. ఈ మాట వ్రాయడానికి నాకు ఈనాటికీ సిగ్గుగా ఉన్నది. ఆ లాంతరులో వారానికి పట్టే నూనె ఎంత? మన సంఘము ఆదివారపు కానుకలో అది లెక్కకు రానంత స్వల్పము. అయినా అది 'గవర్నమెంటు బడి' అనుకొన్నాము గాని మన బడి అనుకోలేదు. అక్షరాలు సగము పట్టినవారు రెండేళ్ళలో మరచిపోయారు.

దీనికి భిన్నమైన సంగతి నెల్లూరు జిల్లాలో జరిగింది. 1990 దశాబ్దపు తొలి సంవత్సరాలలో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగింది. రాత్రి బడులలో స్త్రీలు చదివిన పాఠాలలో సారాయివల్ల చితికిపోయిన కాపురము కథ ఒకటి ఉన్నది. అది ఎవరి కథో వేరే చెప్పనక్కరలేకపోయింది. దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊరి సారాయి దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసింది అప్పుడే. పక్క ఊళ్ళకు ప్రాకి, సారాయి వేలము పాటలను అడ్డుకొనేంత దూరము వెళ్ళింది. 1993 అక్టోబరు 1నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాయి నిషేధింపబడింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయింది, అది వేరే దుఃఖము. కాని ఆ స్త్రీలు అక్కడితో ఆగలేదు. రోజుకొక రూపాయి చొప్పున దాచుకొనే 'పొదుపు లక్ష్మి' సంఘాలు ఆ జిల్లాలోనే 1993లో పుట్టాయి. ఒకే వీధివారు, ఒకరి కష్టము ఒకరికి తెలిసినవారు, కలిసి కూర్చుని చదివారు గనుకనే ఒక పాఠము ఇంత పని చేసింది. ఆ వాచకాన్నే ఎవరింట్లో వారు ఒంటరిగా చదివి ఉంటే కన్నీరు పెట్టుకొని మూసివేసి ఉండేవారు.

మన దారిలోనే మరొక ఉదాహరణ ఉన్నది. డాక్టరు ఐడా స్కడ్డర్ వేలూరునుండి గుడియాత్తానికి వైద్యము చేయడానికి వెళ్తుంటే దారిపొడుగునా జనము బండి ఆపేవారు. రోడ్డుప్రక్క చెట్ల క్రింద వైద్యము అలా మొదలైంది. అదే దారిలోని కె.వి. కుప్పంలో (చిత్తూరు జిల్లా కుప్పం కాదు సుమా) 1977లో సి.ఎం.సి.వారు గ్రామీణ ఆరోగ్య, సాంఘిక సేవా కేంద్రము 'రుహ్సా'ను స్థాపించారు. జబ్బు కుదిర్చి పంపితే చాలదు, మనిషి మళ్ళీ అదే నీటికి, అదే అప్పుకు, అదే పనిలేమికి తిరిగి పోతాడని వారు గ్రహించారు. అందుకే వైద్యముతో పాటు సేద్యము, పశుపోషణ, చేతిపనుల శిక్షణ, మహిళా సంఘాలు కూడా చేపట్టారు. గ్రామములోని వారికే తర్ఫీదు ఇచ్చి, వారిచేతనే ఇంటింటికీ ఆరోగ్యపు మాటలు చెప్పించారు.

వలస వచ్చిన తెలుగువారికి ఇది కొత్త పని కాదు. మద్రాసులో దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు మెట్రిక్ పరీక్షకు శిక్షణ ఇప్పించారు.

ఇప్పటి సంగతికి వస్తాను. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టముతో 1వ తరగతినుండి తమిళము తప్పనిసరి అయింది. మన మనుమలు తమిళము, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అవ్వలకు తెలుగు పాటలు కంఠతా వచ్చు, అక్షరము రాదు. వీరిద్దరినీ ఒక చాపమీద కూర్చోబెట్టి చూడండి. కంఠతా వచ్చిన పాటను పుస్తకములో చూపించి, ఒక్కొక్క మాట క్రింద వేలు పెట్టి పాడమనండి. ఏ మాట ఎక్కడ ఉన్నదో ముందే తెలుసు గనుక అక్షరము త్వరగా పట్టుబడుతుంది, అవ్వకూ, మనుమనికీ. ఆ తర్వాత మనుమడు అవ్వకు బస్సుమీది తమిళ బోర్డు, బ్యాంకు చలానా, సెల్‌ఫోనులో వచ్చిన సందేశము చదవడము నేర్పవచ్చు. మన సంఘములోని ఒక విధవరాలు నిరుడు ఏ కాగితమో తెలియక వేలిముద్ర వేసి, మరొకరి అప్పుకు పూచీదారైంది. ఆ అప్పు ఈనాటికీ ఆమె కడుతున్నది.

2022లో ప్రారంభించి 2027 వరకు తలపెట్టిన 'ఉల్లాస్' కార్యక్రమములో 15 ఏళ్ళు దాటినవారికి చదువు, లెక్క, డబ్బు వ్యవహారాలు, ఫోను వాడకము నేర్పుతారు. బోధించేవారికి జీతము లేదు, అందరూ స్వచ్ఛంద సేవకులే. వారి పుస్తకాలు తెచ్చుకోండి. కాని 1979లో నేను చేసిన తప్పు చేయకండి: నేర్చుకొనేవారి కొంగుముడిలో ఏ కాగితము ఉన్నదో ముందు అడగండి.

యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట ప్రజలంతా కూడినప్పుడు, చదివినవారు ఒకరైతే అర్థము చెప్పినవారు అనేకులు. నెహెమ్యా 8వ అధ్యాయము ఇంటిలో చదువుకొని కూటానికి రండి. కూటములో ఈ సంగతులు మాట్లాడుకొందాము. మన సంఘములో చదవడము రానివారు ఎందరు, వారి పేర్లు మనకు తెలుసా? వారికి ముందుగా కావలసినది ఏ లిపి, అది వారినే అడిగామా? ఆదివారము తప్ప తక్కిన ఆరు సాయంకాలాలు మన మందిరపు తాళపుచెవి ఎవరి దగ్గర ఉంటున్నది?